కోడి కూసేదాకా సోమారమే

మా తమ్ముడి ఫైలుకు నాలుగో నంబరు పడిందన్న సంగతి నాకు బొర్రా సొరంగాల దగ్గర తెలిసింది. అదీ సగం సగం. మెయిలు తెరుచుకుంటూ ఉండగానే రైలు సొరంగంలోకి దూరింది. బోగీలో పిల్లలంతా ఓ అని కేకలు పెట్టారు. చీకట్లో నా ఫోను మీద "క్షమించు రత్నా, సోమేశ్వరరావు ఫైలుకు" అన్న ముక్క ఒక్కటే వెలుగుతూ ఉండిపోయింది. బయటికొచ్చాక మిగతా ముక్క దిగింది. "నాలుగు వేయక తప్పలేదు." అంతలో ఇంకో సొరంగం. ఆ చీకట్లో నేనెవరిని తిట్టానో నాకే తెలీదు గానీ, వెలుగొచ్చేసరికి పక్కన జామకాయ తింటున్నావిడ కిటికీ వైపు జరిగి కూర్చునుంది.

నాలుగంటే ఏమిటో చెప్పాలి. నేను విశాఖపట్నంలో సముద్రం లెక్కలు సరిచూసే ఆఫీసులో పనిచేస్తాను. హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలు కొన్ని, తమ ఓడలూ తమ పరికరాలూ కొలిచిన ఉప్పు, వేడి, లోతు అన్నీ ఒక్కచోట పోసుకుని పంచుకుందామని ఒప్పందం చేసుకున్నాయి. మేం దాన్ని ఉమ్మడి గాదె అంటాం. ఒప్పందం చేసుకోవడం సులువే. తీరా చూస్తే ఒకరికి తేదీ ముందు, ఒకరికి నెల ముందు. ఒకరు ఓడ ఉన్నచోటి టైము రాస్తారు, ఒకరు ఇంటిదగ్గరి టైము రాస్తారు. ఒకరైతే కొలవని చోటల్లా సున్నా పెట్టేస్తారు, చూస్తే సముద్రం గడ్డకట్టిపోయిందా అని గుండె గుభేలుమంటుంది. ఇవన్నీ ఒక తీరుకు తెచ్చి, ప్రతి కొలత పక్కనా ఒక అంకె వెయ్యాలి. ఒకటి అంటే బాగుంది. నాలుగు అంటే చెడింది. నాలుగు పడ్డవాటిని పారెయ్యరు. గాదెలోనే ఓ మూల ఉంటాయి, ఎవరూ ముట్టుకోరు. అంతకంటే పారేసినా నయమే.

ఒక దేశం ఓడ కొలతలను ఇంకో దేశం వాళ్లు సరిచూడాలన్నది నియమం. మా ఓడవి సముద్రం అవతలి ఒడ్డున మొంబాసాలో ఉన్న అమీనా చేతికి వెళ్లాయి. రైల్లో నాకు దిగిన మెయిలు ఆమెదే. అమీనా మంచి మనిషి. కోపం వచ్చినప్పుడల్లా ఆ సంగతి నాకు నేను చెప్పుకోవలసి వస్తుంది.

మా ఇంట్లో పేర్లు పుట్టిన వారాన్ని బట్టి పెడతారు. నేను గురువారం పుట్టాను, గుర్బారిని. తమ్ముడు సోమవారం పుట్టాడు, సోంబరు. ఆశ్రమ పాఠశాలలో చేర్చిన రోజున మాస్టారు మా ఇద్దర్నీ పైనుంచి కిందికి చూసి, "ఇవేం పేర్లర్రా" అని నన్ను రత్నని, వాణ్ణి సోమేశ్వరరావుని చేసేశారు. అందర్నీ ఒక తీరుకు తెచ్చే పని ఎలా ఉంటుందో నాకు ఉద్యోగంలో చేరకముందే తెలుసు.

మా ఊరు అరకు దాటాక ఒక కొండ భుజం మీద ఉంటుంది. చలికాలం పొద్దున్నే లోయంతా మంచు నిండిపోతుంది. కొండల కొసలు మాత్రం అక్కడక్కడా తేలి ఉంటాయి. చిన్నప్పుడు మా వాడు అరుగు చివర కూర్చుని, కాళ్లు ఆ తెలుపులోకి వేలాడేసి, "అప్పా, ఇందల ఏటుంటాదే" అని ప్రాణం తీసేవాడు. "చేపలుంటాయిరా, నన్ను పని చేసుకోనీ" అనేదాన్ని. నమ్మేశాడు. పెద్దయ్యి ఐటిఐ చదివి, పరిశోధన ఓడ మీద నీళ్లు తోడి కొలిచే పనిలో చేరాడు. మొదటి ఫోనులోనే, "అప్పా, నువ్వు సెప్పింది నిజిమే. నీల్ల కింద కొండలున్నాయి, లోయలున్నాయి. వాటి మీంచి సేపలు ఎగురుతన్నాయి" అన్నాడు. వాడి గొంతు వెనక ఇంజను చప్పుడు, దాని వెనక ఏమీ లేనంత పెద్ద నిశ్శబ్దం.

వాడిది రాత్రి డ్యూటీ. బకెట్ దించడం, నీళ్లు తోడడం, వేడి చూడడం, టాబ్లెట్లో తేదీ, టైము, అంకె చేత్తో కొట్టడం. కిందటేడు చలికాలంలో తుఫాను లేచింది. ఓడ పక్కకు మళ్లుతూ ఉండగా తెల్లవారుజామున వాడు బకెట్ దించి, తోడి, కొలిచి, అంకె కొట్టాడు. ఆ తర్వాత ఒక కెరటం డెక్కు మీదికి వచ్చి వెళ్లింది. అది వెళ్లాక వాడు లేడు. వెతికారు, దొరకలేదు. మాకు వచ్చిన కాగితంలో మంగళవారం తెల్లవారుజాము అని ఉంది. వాడి ట్రంకుపెట్టె వచ్చింది. అందులో బట్టలు, దువ్వెన, ఫోను. వాడు కొలిచిన రాత్రులు మాత్రం ఉమ్మడి గాదెకు వెళ్లాయి.

వాడిదంటూ ఈ లోకంలో మిగిలినవి ఆ రాత్రులే. వాటిని ఎవరో ఎప్పుడో తీసి చూస్తారు, తుఫానుల గురించి ఏదో తెలుసుకుంటారు, వాడి చెయ్యి అక్కడ ఉంటుంది అనుకుని ఏడాదిగా బతుకుతున్నాను. ఇప్పుడు నాలుగు పడింది. వచ్చే శుక్రవారంతో ఈ ఏడాది గాదె మూతపడుతుంది. మూతపడ్డాక ఒక్క ఫైలు కోసం మళ్లీ తెరవరు.

నేను ఇంటికి వెళ్తున్నది తమ్ముడి ఏడాది చెయ్యడానికి. అమ్మ కళ్లంలో కాఫీ గింజలు ఎండబోసి కాలితో తిరగేస్తోంది. నన్ను చూసి ఆగలేదు.

"ఏటే, ఇలగైపోనావు? ఆ సముద్రపోల్లు కూడెట్టరేటి?"

"పెడతారమ్మా. ఏడాదికి అన్నీ తెచ్చావా? మంగళవారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి."

"మంగళారం కాదు. సోమారం" అంది అమ్మ.

"కాగితంలో మంగళవారం అని ఉంది కదా."

"కాయితం ఏటి సూసిందే? నా గుంటడు సోమారం పుట్టినాడు, సోమారం ఎల్లినాడు. మంగ్లు తాతకి సెప్పీసినాను."

మంగ్లు తాత మా దిసారి. కొండ మీద మంచిరోజులు, చెడ్డరోజులు లెక్కగట్టేది ఆయనే. ఏ వారం పోయినవాళ్లకు ఆ వారమే అన్నం పెట్టాలి, లేకపోతే ఇంటి దారి కనబడదంటారు. ఆ దారి సంగతి నాకు తెలీదు గానీ, తేదీలు సరిచూసి జీతం తీసుకునేదాన్ని, కాగితం కాదంటే ఒళ్లు మండింది. "నీకెలా తెలుసు? కల్లోకి వచ్చి చెప్పాడా?" అన్నాను. అమ్మ గింజలు తిరగేస్తూ కళ్లం ఆ చివరికి వెళ్లిపోయింది.

ఆదివారం తెల్లవారుజామున ఇంట్లో కోడి కూసింది. వాకిట్లో కాదు, ఇంట్లోపల, నా తలాపునే. దుప్పటి విదిలించి లేచి కూర్చున్నాను. గూట్లో తమ్ముడి ఫోను వెలుగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. వాడు ఓడెక్కే ముందు మా పుంజు కూతను రికార్డు చేసుకుని అలారం పెట్టుకున్నాడు. ఇంటిదగ్గర అది కూసే వేళకే పెట్టుకున్నాడు. గదిలో వదిలి వెళ్లినా ఆ కూత డెక్కు దాకా వినబడేది. అది కూస్తే వాడి డ్యూటీ అయిపోయినట్టు. పక్క మంచాలవాళ్లు లేచి తిట్టే తిట్లు ఫోన్లో వినిపించి పడీ పడీ నవ్వేవాడు. ఏడాదిగా అమ్మ ఆ ఫోనుకు చార్జింగు పెడుతూనే ఉంది. లోపల అది కూయగానే, బయట గంప కింద అసలు పుంజు రెచ్చిపోయి బదులిచ్చింది. ఒకటే గొంతు, రెండు చోట్ల.

"దాన్ని ఆపెయ్యొచ్చు కదమ్మా" అన్నాను.

"ఎందుకాపడం? రోజు పుడతన్నాది" అని అమ్మ చీపురు తీసుకుని వాకిట్లోకి వెళ్లింది.

మా ఊళ్లో సిగ్నలు కాఫీ తోట పైనున్న ఒక బండ మీదే వస్తుంది. దానికి టవర్ రాయి అని పేరు. సిల్వర్ ఓకు చెట్లకు పాకిన మిరియాల తీగలు తప్పించుకుంటూ ఎక్కి అమీనాకు ఫోను చేశాను. ఆదివారమైనా ఎత్తింది.

"రత్నా, నేను చాలాసార్లు చూశాను. అతని రాత్రులు వెనక్కి నడుస్తున్నాయి" అంది అమీనా. "రాత్రి పదకొండు గంటలకు ఓడ ఒకచోట ఉంది. తరవాతి వరుసలో అదే తేదీ, టైము రెండు గంటలు. అంటే ఆ రోజు తెల్లవారకముందే గడిచిపోయిన రెండు. అప్పటికి ఓడ అక్కడికి రానేలేదు. తుఫాను తగిలాక చల్లబడాల్సిన నీళ్లు ముందే చల్లబడిపోయాయి. గడియారమైనా చెడి ఉండాలి, లేదా..."

"లేదా?"

"లేదా మనిషి నిద్రమత్తులో కొట్టి ఉండాలి."

"మా వాడు నిద్రపోడు" అని అరిచాను. కింద తోటలో పళ్లు కోస్తున్నవాళ్లు తలెత్తి చూశారు.

అమీనా గొంతు తగ్గించింది. "నీ బాధ నాకు తెలుసు. నాకూ బాధగానే ఉంది. కానీ బాధ రాయడానికి మన ఫైల్లో గడి లేదు. ఒక కారణం చూపించు, నా చేత్తోనే నాలుగు తీసేస్తాను."

ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఆ మధ్యాహ్నం అరుగు మీద కునుకు పట్టింది. కలలో లోయ నిండా నీళ్లు. కొండల మధ్యనుంచి ఎవరెవరి దేశాల పరికరాలో పసుపు రంగువి నెమ్మదిగా పైకి తేలుతున్నాయి, ఒకటి తేలి చూసి మళ్లీ మునిగిపోతోంది. వాటి మధ్య నీళ్ల మీద మా వాడు బకెట్ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. నవ్వుతూనే ఉన్నాడు. "అప్పా, నేడు ఏ వారమే?" అని అడిగాడు. నా నోట్లో మాట తడుముకుంటోంది. ఎంత తడుముకున్నా ఏ వారమో రాదు. వాడు దూరమైపోతున్నాడు. మెలకువ వచ్చేసరికి నిజంగానే ఏ వారమో కాసేపు తెలియలేదు.

సోమవారం వచ్చింది. అమ్మ ఏడాది ఊసే ఎత్తలేదు. గింజలు ఎండబోసింది, చోడి అంబలి కాచింది, గెడ్డకు వెళ్లి బట్టలుతుక్కొచ్చింది. పొద్దు గుంకింది. కాగితం మాటే నెగ్గిందని నేను లోలోపల పొంగిపోయాను. అలా పొంగినందుకు కాస్త సిగ్గు కూడా వేసింది. అయినా నెగ్గడం నెగ్గడమే కదా.

"లెగే. బేగి లెగు" అని అమ్మ భుజం తట్టింది. ఇంకా చీకటిగానే ఉంది. అరుగు మీద దీపం, దాని పక్కన దుప్పటి కప్పుకుని మంగ్లు తాత. అమ్మ అడ్డాకులో వేడన్నం పెట్టి, పక్కన కాసిని ఇప్పసారా చుక్కలు వేసి, ఆకును అరుగు చివర పెట్టింది, సరిగ్గా వాడు కాళ్లు వేలాడేసే చోట. దాని అవతల మంచు. కొండ లేదు, లోయ లేదు, కింద ఊరు లేదు. తెల్లగా ఏదో ఊపిరి తీస్తున్నట్టు మెల్లగా కదులుతోంది.

"సోంబరూ" అని పిలిచింది అమ్మ. "ఇంటికి రారా. అన్నమెట్టినాను."

మూడుసార్లు పిలిచింది. ఆ పిలుపు మంచులోకి వెళ్లి, ఎక్కడా తగలకుండా వెళ్తూనే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు నోరు ఊరుకోదు, అదొక జబ్బు.

"చివరికి మంగళవారమే చేశావు కదమ్మా" అన్నాను.

అమ్మ తిరిగి చూసింది. కోపం కాదు, వింతగా. "మంగళారమేటి? కోడి కూసిందా?"

నేను గంప వైపు చూశాను.

"కోడి కూసేదాకా సోమారమే గదే గుర్బారీ" అన్నాడు మంగ్లు తాత, మరిచిపోయిన లెక్క చిన్నపిల్లకు గుర్తుచేసినట్టు. "సదూకున్నావని రోజు మారిపోద్దేటి?"

అప్పుడు ఇంట్లోపల వాడి ఫోను కూసింది. గంప కింద పుంజు బదులిచ్చింది.

"ఇదిగో. ఇప్పుడు మంగళారం" అని అమ్మ దీపం కొండెక్కించింది.

నాకు తెలియని సంగతేం కాదు. మా కొండ మీద అర్ధరాత్రి రోజు మారదు. పుంజు కూస్తేనే కొత్త రోజు. పురిటి లెక్కా, చావు లెక్కా అన్నీ దానితోనే. నా పేరు కూడా అలా పెట్టిందే. బళ్లో గంట, ఆఫీసులో గడియారం మధ్య తిరిగి తిరిగి మర్చిపోయానంతే. వాడు మర్చిపోలేదు. సముద్రం మధ్యలో, అర్ధరాత్రి దాటినా, రెండైనా, నాలుగైనా, కోడి కూసేదాకా పాత తేదీయే కొడుతూ కూర్చున్నాడు. కూయగానే తేదీ మార్చాడు.

గూట్లోంచి ఫోను తీసి అలారం ఎన్నింటికి పెట్టాడో చూశాను. ఐదున్నర. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను తీసివేసే అంకె అది. ప్రపంచమంతా ఒకే గడియారంతో రాయాలి కాబట్టి, మన దేశం టైములోంచి ఐదున్నర గంటలు తీసేసి గాదెలో పోస్తాం. మన ఐదున్నర అక్కడ సున్నా. సముద్రాలన్నిటికీ కొత్త రోజు మొదలయ్యేది సరిగ్గా అప్పుడే, మా పుంజు కూసే వేళకే.

చెప్పులు కూడా వేసుకోకుండా టవర్ రాయెక్కాను. మంచు నడుం దాకా ఉంది. అమీనా చాలాసేపటికి ఎత్తింది.

"ఇక్కడింకా తెల్లవారలేదు రత్నా" అంది నిద్రగొంతుతో.

"పరవాలేదు, నీకింకా కోడి కూయలేదు, సోమవారమే. విను. మా వాడు నిద్రమత్తులో కొట్టలేదు. కోడి కూసేదాకా తేదీ మార్చలేదు."

"ఓడలో కోడెక్కడిది?"

"ఫోన్లో ఉంది."

అంతా చెప్పాను. ఏడుస్తూ చెప్పానో నవ్వుతూ చెప్పానో తెలీదు. అమీనా మంచం మీంచి లేచిన చప్పుడు, దీపం వేసిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఆమె గొంతులో నిద్ర లేదు.

"అంటే అతను రాసిన తేదీ..."

"గాదె తేదీయే. మన అందరి తేదీ. గంటలొక్కటే మా దేశానివి. తేదీ కూడా మా దేశానిదే అనుకుని నువ్వు ఆ గంటలను ఒక రోజు వెనక్కి జరిపావు."

"చక్కగా ఉంది" అంది అమీనా. "చక్కగా ఉన్నంత మాత్రాన ఒకటి వెయ్యలేను. దారిలో ఇంకెవరైనా ఉండి ఉండాలి. అదే నీళ్లను అదే రాత్రి చూసినవాళ్లు."

ఉన్నారు. మనిషి కాదు. ఇండోనేసియా వాళ్లు ఎప్పుడో వదిలిన తేలే పరికరం ఒకటి, ఎక్కడెక్కడో తిరిగి తిరిగి, ఆ తుఫాను వారంలో మా ఓడ దారికి దగ్గరలో పైకి తేలింది. వాళ్లు దాని కొలతలను దాచుకోకుండా గాదెలో పోశారు కాబట్టి దొరికింది. నేను మా వాడి గంటలు సరిచేసి పంపాను. అమీనా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అమ్మ అంబలి గిన్నె తెచ్చి టవర్ రాయి మీదే పెట్టి వెళ్లేది. వాడి లెక్కకు నాలుగు వేశారని ఆమెకు అక్కడే చెప్పాను.

గురువారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"పరికరం చల్లబడిన చోటే అతని బకెట్ కూడా చల్లబడింది" అంది అమీనా. "తుఫాను తగిలాకే, ముందు కాదు. ఒక్క రాత్రి కూడా వెనక్కి నడవలేదు రత్నా. నాలుగు తీసేశాను. అన్నిటికీ ఒకటి. అతన్ని నిద్రమత్తు అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

నేను ఫోనును రెండో చెవికి మార్చుకున్నాను.

"కొలిచినవాళ్ల పేరు గడిలో సోమేశ్వరరావు అని ఉంది. అలాగే ఉంచనా?"

"వద్దు. సోంబరు అని రాయి."

ఒక్కో అక్షరం చెప్పించుకుని కొట్టింది. "దీనికేమైనా అర్థం ఉందా?"

"సోమవారం పుట్టినవాడు."

అటువైపు కీబోర్డు టకటక ఆగిపోయింది. లైను పోయిందనుకుని బండ మీద ఆ చివరికి జరిగాను.

"ఫైలు చివర చూస్తున్నాను" అంది అమీనా నెమ్మదిగా. "అతని ఆఖరి కొలత. గాదె లెక్కలో అదీ సోమవారమే."

కిందికి ఎలా దిగానో గుర్తు లేదు. మిరియాల తీగలు, చెట్లు, వాటి మధ్య పల్చటి ఎండ, అన్నీ నీళ్ల కిందున్నట్టు ఊగుతూ కనబడ్డాయి. అమ్మ కళ్లంలో కాఫీ గింజలు తిరగేస్తోంది.

"అమ్మా, నువ్వన్నదే సరి. సోమవారమే. అన్ని దేశాలవాళ్ల పుస్తకంలో అలాగే పడింది."

"నాను సెప్పలేదేటి?" అంది అమ్మ. కాలు ఆగింది. "మరి ఆ నాలుగు?"

"తీసేశారు. ఒకటి వేశారు."

"ఒకటంటే?"

"బాగున్నట్టు."

అమ్మ నా మొహంలోకి చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, కళ్లం దాటి, గట్టు దాకా వెళ్లి, అవతలి ఇంటి నిర్మల పిన్నికి వినబడేలా గొంతెత్తి పిలిచింది.

"ఓ నిర్మలా! మా సోంబరు బాగున్నాడంట. దేశాలోల్లు సూసి సెప్పినారు. బాగున్నాడంట!"

తప్పు కనబడితే సరిచెయ్యడమే నా ఉద్యోగం. నేను గింజల మధ్య కూర్చుని, అమ్మ వదిలేసిన వరుసను చేత్తో తిరగెయ్యడం మొదలుపెట్టాను.